పాస్‌వర్డ్ చెప్పేశాక కూడా దాగి ఉండాలంటే: వెరాక్రిప్ట్, లక్స్, షఫుల్‌కేక్‌లలో ఏది ఎవరికి?

డిస్క్‌కు తాళం వేసుకోవాలనుకునేవాళ్లు రెండు రకాలు. ల్యాప్‌టాప్ పోయినా లోపలున్నవి ఎవరికీ దొరక్కూడదు అనేవాళ్లు మొదటి రకం. నూటికి తొంభై తొమ్మిది మంది వీళ్లే. ఎవరైనా ఎదురుగా కూర్చుని ‘పాస్‌వర్డ్ కొట్టు’ అని నిలదీస్తే, కొట్టి చూపించాక కూడా అసలు ఫైళ్లు బయటపడకూడదు అనేవాళ్లు రెండో రకం. ఈ రెండో పనిని ప్లాజిబుల్ డినయబిలిటీ అంటారు. అంటే, ఎదుటివాడు నమ్మేలా బుకాయించగలగడం.

ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో దీనికి మూడు నాలుగు దారులున్నాయి. వాటిని పోల్చే ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇందులో సాఫ్ట్‌వేర్ చేసేది సగం పనే. మిగతా సగం మీరు చెప్పే కథ, ఆ కథ వినే మనిషి. అందుకే పోలిక కూడా అక్కడినుంచే మొదలుపెట్టాలి.

అడిగేది ఎవరు?

మొదటి రకం అవసరం మన డెల్టాలో ఎవరికి లేదు? భీమవరంలో రొయ్యల కొనుగోళ్ల లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌లో రాసుకునే వ్యాపారి, కొత్త లేసు డిజైన్లు ఎగుమతి కాకముందే బయటకు పొక్కకూడదనుకునే నరసాపురం వాళ్లు, కక్షిదారుల కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్న రాజమండ్రి లాయరు, సెలవుకు రాజోలు వచ్చి మళ్లీ కువైట్ విమానం ఎక్కే మనిషి. వీళ్లకు జరిగేవి మామూలు సంగతులే. బస్సులో బ్యాగు పోతుంది. స్క్రీన్ పగిలి ల్యాప్‌టాప్ రిపేరు షాపులో వారం రోజులు పడుంటుంది. పాత హార్డ్‌డిస్క్‌ను ఎవరికో అమ్మేస్తారు. షాపులో కుర్రాడికి విండోస్ పాస్‌వర్డ్ ఇచ్చినా, ముఖ్యమైన ఫైళ్లకు వేరే తాళం ఉంటే అతను దాన్ని పగలగొట్టే పని పెట్టుకోడు.

వీళ్లకు బుకాయింపు అక్కర్లేదు. అది పెట్టుకుంటే నష్టం కూడా, ఎందుకంటే దాచిన ఫైళ్లు పొరపాటున చెరిగిపోయే ప్రమాదం మామూలు తాళంలో లేదు, ఇందులో ఉంది. లినక్స్ వాడేవాళ్లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దానితో వచ్చే డిస్క్ తాళం లక్స్ పెట్టుకోవాలి. విండోస్ అయితే వెరాక్రిప్ట్‌తో మామూలు కంటైనర్ (ఫైళ్లన్నిటినీ ఒకే తాళం కింద పెట్టే పెద్ద ఫైలు) చేసుకోవాలి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టే ఫోల్డర్‌కు క్రిప్టోమేటర్ బాగుంటుంది. విండోస్ సొంత తాళం బిట్‌లాకర్ చెడ్డదేం కాదు గానీ దాని కోడ్ తెరిచి లేదు, ఈ పోలికలోకి రాదు. మీరు ఈ కోవకు చెందితే ఇక్కడితో చదవడం ఆపేసినా పర్వాలేదు.

రెండో రకం వేరు. ఇసుక ర్యాంపుల మీద వార్తలు రాసే విలేకరి ల్యాప్‌టాప్‌లో సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లుంటాయి. నలుగురు చుట్టూ చేరి తెరవమంటే ‘తెరవను’ అనే మాట ఎంతోసేపు నిలబడదు. ఇంట్లో దెబ్బలు తింటూ, కేసు వేయడానికి ఆస్పత్రి కాగితాలూ ఆడియోలూ పోగుచేసుకుంటున్న ఆడమనిషి పరిస్థితీ అదే. ఆమెను అడిగేవాడు పక్క గదిలోనే ఉంటాడు. ఈ ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వలేను. ఆ తేడా చివర్లో చెబుతాను.

లోపల ఏం జరుగుతుంది

పాత మండువా ఇళ్లలో భోషాణానికి ఒక్కోసారి దొంగ అర ఉండేది. మూత తీస్తే పట్టుచీరలు, వెండి గ్లాసులు కనిపిస్తాయి. అడుగు చెక్క కింద ఇంకో అర ఉందన్నది చేసిన వడ్రంగికీ, ఇంటి పెద్దకీ తప్ప తెలియదు. వెరాక్రిప్ట్‌లోని హిడెన్ వాల్యూమ్ (దాగిన నిల్వ జాగా) అలాంటిదే. కాకపోతే భోషాణాన్ని టేపు పెట్టి కొలిస్తే లోతు తక్కువని పట్టుబడుతుంది. డిస్క్ అలా పట్టుబడదు. వాల్యూమ్ తయారుచేసేటప్పుడే ఖాళీ జాగా మొత్తాన్ని అర్థంలేని బైట్లతో నింపేస్తారు. దాచిన ఫైళ్లు కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యాక, అంటే తాళం పడ్డాక, అలాగే అర్థంలేని బైట్లలా కనిపిస్తాయి. ఏది ఖాళీ, ఏది సరుకు అన్నది పాస్‌వర్డ్ లేకుండా తేల్చే దారి లేదు.

వెరాక్రిప్ట్ వాల్యూమ్‌లో మొదట బయటి హెడర్ (తాళం వివరాలుండే చిన్న భాగం), 64 కేబీ దూరంలో దాగిన వాల్యూమ్ హెడర్ ఉంటాయి. దాగిన వాల్యూమ్ లేకపోయినా ఆ రెండో చోటు వట్టి ర్యాండమ్ బైట్లతో నిండి ఉంటుంది. మీరు పాస్‌వర్డ్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ ముందు మొదటి హెడర్ మీద, అది కుదరకపోతే రెండోదాని మీద ప్రయత్నిస్తుంది. ఏ పాస్‌వర్డ్ కొడితే ఆ అర తెరుచుకుంటుంది.

ఇక్కడ బుకాయింపులు రెండున్నాయి. ‘ఇది ఎన్‌క్రిప్ట్ చేసినదే కాదు’ అనేది ఒకటి. ‘ఎన్‌క్రిప్ట్ చేసిందే, ఇదిగో పాస్‌వర్డ్, ఇంతకుమించి లోపలేం లేదు’ అనేది రెండోది. మొదటిది చాలా బలహీనం. డెస్క్‌టాప్ మీద ‘పెళ్లి వీడియో’ అనే పేరుతో 40 జీబీ ఫైలు ఉండి, ఏ ప్లేయర్‌లోనూ ఆడకుండా, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ర్యాండమ్‌గా ఉంటే, కాస్త తెలిసినవాడు దాన్ని చూడగానే పోల్చుకుంటాడు. అలాంటి ఫైళ్లను వెతికే టూల్స్ కూడా ఉన్నాయి. పైగా అదే కంప్యూటర్‌లో వెరాక్రిప్ట్ ఇన్‌స్టాల్ అయి ఉంటుంది! రెండో బుకాయింపు లెక్కప్రకారం గట్టిది. అందుకే అడగ్గానే బయటి పాస్‌వర్డ్ ఇచ్చేయడానికి సిద్ధపడే మనిషికే ఈ పద్ధతి పనికొస్తుంది.

వెరాక్రిప్ట్ హిడెన్ వాల్యూమ్

వెరాక్రిప్ట్‌కు మూలమైన ట్రూక్రిప్ట్‌ను తయారుచేసినవాళ్లు ఎవరో లోకానికి తెలియకుండానే 2014 మే 28న దుకాణం కట్టేశారు. తమ సాఫ్ట్‌వేర్ వాడొద్దని, బిట్‌లాకర్‌కు మారమని ఒక పేజీ పెట్టి మాయమయ్యారు. అప్పటికి ఏడాది ముందే, 2013లో, మౌనీర్ ఇద్రాసీ అదే కోడ్‌తో వెరాక్రిప్ట్ మొదలుపెట్టారు. 2016లో క్వార్క్స్‌ల్యాబ్ చేసిన ఆడిట్‌లో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి, వాటిలో చాలావాటిని 1.19 వెర్షన్‌లో సరిచేశారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది. ఈ పోలికలో మామూలు మనిషి వాడగలిగింది ఇదొక్కటే. ట్రూక్రిప్ట్ నుంచి వచ్చిన కోడ్‌కు ఆ పాత లైసెన్సు ఇంకా అంటుకునే ఉంది కాబట్టి దీన్ని ఓపెన్ సోర్స్ అనడానికి ఒప్పుకోనివాళ్లు కొందరున్నారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లు వెరాక్రిప్ట్ వాల్యూమ్‌ను లినక్స్‌లోని క్రిప్ట్‌సెటప్ అనే టూల్‌తోనే తెరుచుకోవచ్చు, దాగిన వాల్యూమ్‌తో సహా.

తయారుచేయడం తేలికే. విజర్డ్ అడిగిన ప్రశ్నలకు జవాబులిస్తే చాలు. చెడగొట్టుకోవడం మాత్రం ఇంకా తేలిక.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇది. బయటి పాస్‌వర్డ్‌తో తెరిచినప్పుడు వెరాక్రిప్ట్‌కు కూడా లోపల ఇంకోటి ఉందని తెలియదు. మీరు బయటి వాల్యూమ్‌లోకి ఫైళ్లు వేస్తూ పోతే అవి దాచినవాటి మీదే రాసుకుంటాయి. దీనికి ఒక రక్షణ ఉంది. తెరిచేటప్పుడు రెండు పాస్‌వర్డ్‌లూ ఇచ్చి, దాగిన వాల్యూమ్‌ను కాపాడమని టిక్ పెడితే, హద్దు దాటబోయే రాతను ఆపేసి, మూసి మళ్లీ తెరిచేదాకా మొత్తాన్ని చదవడానికి మాత్రమే వదులుతుంది. మీరొక్కరే ఉన్నప్పుడు ప్రతిసారీ ఇలాగే తెరవాలి. ఎదుటివాడు చూస్తున్నప్పుడు మాత్రం ఆ టిక్ పెట్టకూడదు. పెడితే రెండోది ఉందని మీరే చెప్పినట్టు.

బయటి వాల్యూమ్‌కు ఫైల్‌సిస్టంగా (డిస్క్‌లో ఫైళ్లను పేర్చే పద్ధతి) ఫ్యాట్ గానీ, ఎక్స్‌ఫ్యాట్ గానీ వాడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన లెక్కల్లో కొన్నిటిని డిస్క్ మధ్యలో పెడుతుంది, ఈఎక్స్‌టీ4 అంతటా చల్లుతుంది. వాటితో లోపలికి మిగిలే జాగా తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. క్విక్ ఫార్మాట్ టిక్ పెట్టకండి. దాంతో ఖాళీ జాగాను ర్యాండమ్ బైట్లతో నింపే పని జరగదు, మొత్తం బుకాయింపే పోతుంది. సెకనుకు 100 ఎంబీ రాసే 1 టీబీ డిస్క్ నిండడానికి మూడు గంటల దాకా పడుతుంది. డెస్క్‌టాప్ అయితే ఆ మూడు గంటల్లో కరెంటు పోదన్న నమ్మకం మన ఊళ్లలో ఎవరికీ ఉండదు కాబట్టి యూపీఎస్ మీద పెట్టుకోండి.

బ్యాకప్ విషయంలో చాలామంది అసలు ఆలోచించని చిక్కు ఒకటుంది. కంటైనర్ ఫైలును అలాగే కాపీ చేసి ఇంకో డిస్క్‌లో పెట్టారనుకోండి. లేదా అది గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోందనుకోండి. నెల తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి, బయటి వాల్యూమ్‌లో ‘ఖాళీ’ అని చెప్పిన చోట బైట్లు మారినట్టు కనిపిస్తాయి. ఖాళీ జాగా తనంతట తాను మారదు. ఒకే డిస్క్‌ను రెండుసార్లు కాపీ తీసుకోగలిగిన ఎవరి ముందూ ఈ పద్ధతి నిలబడదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ప్రతి శుక్రవారం సంస్థ బ్యాకప్ తీస్తుంటే అదీ ఇదే. బ్యాకప్ కావాలంటే రెండో డిస్క్‌లో కొత్తగా వాల్యూమ్ తయారుచేసి, రెండింటినీ తెరిచి ఫైళ్లను కాపీ చేయాలి.

వెరాక్రిప్ట్‌లో హిడెన్ ఆపరేటింగ్ సిస్టం అని ఇంకో సదుపాయం ఉంది, ఒక పాస్‌వర్డ్‌కు ఒక విండోస్, ఇంకోదానికి ఇంకో విండోస్. వినడానికి అద్భుతం. కానీ అది పాత పద్ధతిలో, ఎంబీఆర్‌తో బూట్ అయ్యే మెషిన్లకే. ఇప్పుడు కొనే ల్యాప్‌టాప్‌లన్నీ కొత్త బూట్ పద్ధతి యూఈఎఫ్ఐతో వస్తాయి. మర్చిపోండి.

లక్స్, హెడర్ విడదీయడం, ప్లెయిన్ డీఎం-క్రిప్ట్

లక్స్ దాచుకునే రకం కాదు. డిస్క్ మొదట్లోనే తన పేరు రాసుకుంటుంది. ఎవరు చూసినా ‘ఇది లక్స్’ అని తెలిసిపోతుంది. తాళంగా మాత్రం దీనికి వంక పెట్టలేం. దాని కొత్త వెర్షన్ లక్స్2 వాడే ఆర్గాన్2 పద్ధతి వల్ల పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే వేసి చూసేవాడికి ప్రతి ప్రయత్నానికీ బోలెడంత మెమరీ ఖర్చవుతుంది.

ఈ హెడర్‌ను డిస్క్ మీద కాకుండా వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టే వీలుంది. అప్పుడు డిస్క్‌లో మొదటి నుంచి చివరిదాకా ర్యాండమ్ బైట్లు తప్ప ఏమీ ఉండదు. ‘పాత డిస్క్ అమ్మేద్దామని తుడిచి పెట్టాను’ అని చెప్పుకోవచ్చు. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ బీరువాలో పడి ఉంటే ఆ మాట నమ్ముతారు. రోజూ భుజాన వేసుకు తిరిగే ల్యాప్‌టాప్‌లోని డిస్క్ గురించి అదే మాట చెబితే ఎవరు నమ్ముతారు?

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఇంకోటి. హెడర్ దగ్గర లేకపోతే పాస్‌వర్డ్ చెప్పినా డిస్క్ తెరుచుకోదు. మీరు డిస్క్ పక్కనే ఉన్నా, హెడర్ వేరే ఊళ్లో ఉంటే తెరవడం మీ చేతిలోనే లేదు. నచ్చనిది కూడా అదే. 2022 జూలై వరదల్లో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ గోదారిలో కలిస్తే డిస్క్ పొడిగా ఉన్నా ఒక్క ఫైలూ రాదు. హెడర్ 16 ఎంబీ ఫైలు. దాని కాపీ ఒకటి మెరక ప్రాంతంలో, తణుకులోనో రాజమండ్రిలోనో ఉన్న నమ్మకస్తుల దగ్గర ఉండాలి.

లినక్స్‌లోనే ఉన్న ఇంకో తాళం ప్లెయిన్ డీఎం-క్రిప్ట్‌లో హెడరే లేదు. పాస్‌వర్డ్ నుంచి నేరుగా తాళంచెవి తయారవుతుంది. సాల్ట్ (పాస్‌వర్డ్‌కు కలిపే ర్యాండమ్ ముక్క) లేదు, పాస్‌వర్డ్‌ను వేలసార్లు తిప్పడం లేదు, కాబట్టి బలహీనమైన పాస్‌వర్డ్ పెడితే క్షణాల్లో పోతుంది. తప్పు పాస్‌వర్డ్ కొట్టినా ‘తప్పు’ అనదు, చెత్తను తెరిచి మీ ముందు పెడుతుంది. ఆ చెత్త మీద ఏదైనా రాశారా, అసలుది పాడైపోతుంది. ఇలాంటి డిస్క్‌ను ఎవరైనా విండోస్ మెషిన్‌కు గుచ్చితే, ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. ఇంట్లో పిల్లలు ఆ ప్రశ్నకు ఏ జవాబు ఇస్తారో మీకు తెలుసు. క్రిప్ట్‌సెటప్ మీద చేయి బాగా తిరిగినవాళ్లకు తప్ప దీన్ని ఎవరికీ చెప్పను.

పాస్‌వర్డ్ మాట వచ్చింది కాబట్టి: శతక పద్యం పాదాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టుకునేవాళ్లు చాలామంది. ఎవరూ ఊహించలేరని వాళ్ల ధీమా. మీకు కంఠతా వచ్చిన పద్యం మిమ్మల్ని ఎరిగినవాళ్లకూ వస్తుంది. సంబంధం లేని ఆరేడు మాటల్ని చీటీలు తీసి కలపండి. తెలుగు లిపిలో పెట్టొద్దు, బూట్ అయ్యే సమయంలో తెలుగు కీబోర్డు దొరకదు.

షఫుల్‌కేక్

ఎలియా అంజువోనీ, తొమ్మాజో గాల్యార్దోనీ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ గురించి 2023లో ఏసీఎం సీసీఎస్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో పేపర్ వచ్చింది. లినక్స్‌లో మాత్రమే నడుస్తుంది. వెరాక్రిప్ట్‌లో బయటిది, లోపలిది అని రెండే. ఇందులో ఒక డిస్క్ మీద 15 వాల్యూమ్‌ల దాకా ఒకదాని వెనక ఒకటి పెట్టొచ్చు. ఏ వాల్యూమ్ పాస్‌వర్డ్ ఇస్తే అది, దానికన్నా తక్కువ రహస్యమైనవన్నీ తెరుచుకుంటాయి, పైవి తెరుచుకోవు. అంటే రోజువారీ పనికి పై పాస్‌వర్డ్ ఒక్కటి కొడితే అన్నీ తెరుచుకుని, ఎదుటివాడికి చూపించే వాల్యూమ్‌లలో కూడా సహజంగా పని జరుగుతుంటుంది. వెరాక్రిప్ట్‌లో బయటి వాల్యూమ్‌ను ఎవరూ ముట్టుకోక దుమ్ము పట్టిపోతుంది కదా, ఆ జబ్బు ఇక్కడ తగ్గుతుంది. ఏ ఫైల్‌సిస్టం అయినా వాడుకోవచ్చు. ఫ్యాట్ గొడవ లేదు.

ఆలోచన ఇంత బాగున్నా, ఇది ఇంకా ప్రయోగ దశలో ఉంది. దాని కెర్నల్ మాడ్యూల్‌ను (లినక్స్ గుండెకాయకు తగిలించే ముక్క) మీరే కంపైల్ చేసుకోవాలి, కెర్నల్ అప్‌డేట్ అయితే మళ్లీ కంపైల్ చేయాలి. రహస్యమైనవి తెరవకుండా కింది వాల్యూమ్‌లలో ఎక్కువ రాస్తే పైవి ఇందులోనూ చెరిగిపోవచ్చు. వెరాక్రిప్ట్ ఉంటే ‘పెళ్లి ఫొటోలు దాచుకోవడానికి’ అనొచ్చు. షఫుల్‌కేక్ ఉంటే ఆ మాట చెల్లదు, అది పుట్టిందే దొంగ అరల కోసం. ఇంజనీరింగ్ కుర్రాళ్లు పనికిరాని డిస్క్ మీద పెట్టి నేర్చుకోవడానికి చాలా బాగుంటుంది. ప్రాణం మీదకు వచ్చే ఫైళ్లకు ఇంకా కాదు.

ఇన్ని అరల ఆలోచన కొత్తదేం కాదు. 1990ల చివర్లో జూలియన్ అసాంజ్, స్యూలెట్ డ్రైఫస్, రాల్ఫ్ వైన్‌మన్ కలిసి హక్కుల కార్యకర్తల కోసం రబ్బర్‌హోస్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. కొట్టి అడిగేవాడికి ఎన్ని పాస్‌వర్డ్‌లు వచ్చినా ఇంకోటి లేదన్న నమ్మకం కలగదు, కాబట్టి కొట్టడం దండగని మానుకుంటాడు అన్నది వాళ్ల ఆశ. దీన్నే తిరగేసి చూడండి. మీ దగ్గర నిజంగానే రెండోది లేకపోయినా, లేదని మీరు నిరూపించలేరు. సాఫ్ట్‌వేర్ పేరు తెలిసిన మొరటువాడు ‘రెండోది చెప్పు’ అంటూనే ఉంటాడు. లెక్క బలం మీవైపు ఉన్నా, ఆ గదిలో బలం వాడివైపే ఉంటుంది. డినయబిలిటీ మీద నా అనుమానమంతా ఇక్కడే.

ఏ డిస్క్ మీద, ఏ సిస్టం నుంచి

ఎస్ఎస్‌డీ మీద దాగిన వాల్యూమ్ పెట్టకండి. రాత అరుగుదల సమంగా ఉండాలని ఎస్ఎస్‌డీ ఒకే ఫైలు పాత కాపీలను వేర్వేరు చోట్ల వదిలేస్తుంది. ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లను ఎస్ఎస్‌డీకి చెప్పే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఏ చోటు ఖాళీయో తానే చెప్పేస్తుంది. పెన్‌డ్రైవ్‌లోనూ మొదటి చిక్కు కొంత ఉంటుంది. తిరిగే పళ్లెం ఉన్న యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మేలు.

అంతకన్నా ముఖ్యం, దాన్ని ఏ కంప్యూటర్‌లో తెరుస్తున్నారన్నది. 2008లో అలెక్సీ చెస్కిస్, బ్రూస్ ష్నయర్, తదయోషి కోనో తదితరులు ట్రూక్రిప్ట్ దాగిన వాల్యూమ్‌లను పరీక్షించారు. తాళం జోలికి పోలేదు. విండోస్‌లో ఇటీవల తెరిచిన ఫైళ్ల షార్ట్‌కట్‌లు చూశారు, వర్డ్ తనంతట తాను దాచిన కాపీలు చూశారు, సెర్చ్ టూల్ తయారుచేసుకున్న ఇండెక్స్ చూశారు. దాచిన ఫైళ్ల పేర్లు, కొన్నిచోట్ల లోపలి మాటలు కూడా అక్కడే దొరికాయి. ఇప్పటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. ఫొటో వ్యూయర్ థంబ్‌నెయిల్స్, వీడియో ప్లేయర్ హిస్టరీ, హైబర్నేట్ ఫైలు అన్నీ చెప్పేస్తాయి. ‘జి డ్రైవ్‌లో ర్యాంపు_లిస్ట్ తెరిచారు’ అని విండోస్ చెబుతుంటే, మీరు చూపించిన వాల్యూమ్‌లో ఆ పేరుతో ఫైలే లేదు. ఇక ఏం బుకాయిస్తారు?

అందుకని దాగిన వాల్యూమ్‌ను టెయిల్స్‌లోనే తెరవాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచి, ఆపేయగానే అంతా మర్చిపోయే లినక్స్ అది. వెరాక్రిప్ట్ వాల్యూమ్‌లను తెరిచే టూల్ అందులోనే ఉంది, దాగినది తెరవడానికి వేరే టిక్ ఉంటుంది. కొత్తవి తయారుచేయడం మాత్రం అందులో కుదరదు, ఆ పని ముందే వేరేచోట చేసుకోవాలి. టెయిల్స్ పెన్‌డ్రైవ్ మీ దగ్గర దొరికితే అదీ ఒక ప్రశ్నే. విలేకరి దానికి జవాబు చెప్పగలడు, గృహిణి చెప్పలేకపోవచ్చు. టెయిల్స్‌లో పెట్టుకునే పర్సిస్టెంట్ స్టోరేజ్ లక్స్‌తో చేసింది, దాగి ఉండదు.

వీటిని అవసరం పడకముందే డౌన్‌లోడ్ చేసి, డిజిటల్ సంతకం సరిచూసి పెట్టుకోండి. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. అలాంటి రోజుల్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కాపీని నమ్మాల్సిన పరిస్థితి రాకూడదు.

బయటి వాల్యూమ్‌లో ఏం పెట్టాలి? ఎవరైనా సహజంగా దాచుకునేవి: ఆదాయ పన్ను కాగితాలు, పొలం పాస్‌బుక్ స్కాన్లు, చిట్టీల లెక్కలు, ఇంటివాళ్ల ఫొటోలు. ఖాళీగా ఉన్నా, నాలుగేళ్ల నుంచి ఒక్క ఫైలూ కొత్తగా చేరకపోయినా అనుమానమే. నెలకోసారైనా, రక్షణ టిక్ పెట్టుకుని, అందులో నిజమైన పని చేయండి. ఈ ఓపిక లేనివాళ్లకు దాగిన వాల్యూమ్ వద్దు.

చట్టం

మన దేశంలో ఎన్‌క్రిప్షన్ వాడటం నేరం కాదు. 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా ఎన్‌క్రిప్షన్ విధానం తెచ్చి, గోల లేవగానే వెనక్కి తీసుకుంది. కానీ ఐటీ చట్టం 69వ సెక్షన్ ఉంది. దాని కింద ఆదేశం వచ్చాక డేటాను తెరవడానికి సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ ఆదేశం సాధారణంగా కేంద్ర హోం కార్యదర్శి, లేదా రాష్ట్రంలో హోంశాఖ చూసే కార్యదర్శి ఇవ్వాలని 2009 నిబంధనలు చెబుతాయి. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగం 20(3) అధికరణం పాస్‌వర్డ్‌కు ఎంతవరకు వర్తిస్తుందన్నది లాయరుతో మాట్లాడాల్సిన సంగతి. ర్యాంపు దగ్గర చుట్టుముట్టిన గుంపుకు చెప్పే బుకాయింపు వేరు, చట్టబద్ధమైన ఆదేశం ముందు చెప్పే అబద్ధం వేరు. రెండోదానికి ఏ సాఫ్ట్‌వేరూ రక్షణ కాదు.

ఇక ఎవరికి ఏది

వ్యాపారి, లాయరు, గల్ఫ్ వెళ్లే మనిషి: మామూలు వెరాక్రిప్ట్ కంటైనర్ లేదా లక్స్, హెడర్ బ్యాకప్ ఒకటి. డినయబిలిటీ వద్దు. సరిహద్దు దాటేవాళ్లు రహస్యమైనవి అసలు వెంట తీసుకెళ్లకపోవడమే మేలు. డేటా ఇంట్లో వదిలి ఖాళీ ల్యాప్‌టాప్‌తో వెళ్లేవాడికి బుకాయించే పనే ఉండదు.

లినక్స్ బాగా తెలిసి, డిస్క్ ఎక్కడో బీరువాలో ఉండిపోయేదైతే, హెడర్ విడదీసిన లక్స్. వెరాక్రిప్ట్ హిడెన్ వాల్యూమ్ కన్నా ఇది చెడిపోయే అవకాశం తక్కువ. ఒకదాని మీద ఒకటి రాసుకునే గొడవ ఇందులో లేదు.

విలేకరికి యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మీద వెరాక్రిప్ట్ హిడెన్ వాల్యూమ్, టెయిల్స్‌లో మాత్రమే తెరవాలి. బయటి వాల్యూమ్‌లో పాత కథనాల డ్రాఫ్టులు, ప్రెస్ నోట్లు, కాస్త ఇబ్బందికరమైన వ్యక్తిగత కాగితాలు. లోపల పేర్లు మాత్రమే. అతన్ని అడిగేవాళ్లకు అతని జీవితం లోపలినుంచి తెలియదు, టైమ్ కూడా తక్కువ, చూపించిందాన్ని చూసి వెళ్లిపోయే అవకాశం ఉంది. ఈ పద్ధతి పనిచేసేది ఇలాంటి చోటే. వార్త అచ్చయ్యాక ఆ పేర్లు ఇంకా అవసరమా అని చూసుకుని చెరిపేయడం అతని పని.

ఇంట్లో హింస భరిస్తున్న ఆమెకు మాత్రం ఇవేవీ చెప్పను. ఆమెను అడిగే మనిషికి ఆమె కంప్యూటర్ వాడకం, ఫోన్ వాడకం, బీరువా అన్నీ తెలుసు. కొత్తగా ఒక సాఫ్ట్‌వేర్ కనిపిస్తే చాలు, అదే గొడవకు కారణం అవుతుంది. లెక్క తెలియని మనిషి ముందు లెక్క బలం పనిచేయదు. ఆ కాగితాలు ఆ ఇంట్లో ఏ రూపంలోనూ ఉండకూడదు. పుట్టింట్లో గానీ, లాయరు దగ్గర గానీ, నమ్మకమైన స్నేహితురాలి దగ్గర గానీ అసలు కాపీలు ఉంచి, ఆస్పత్రి రికార్డు నంబర్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే, ఆ నంబరును కాల్ లిస్ట్‌లోంచి వెంటనే తీసేయాలి. వీలైతే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేయడం మంచిది.